పదహారు వేల బొమ్మలు, పన్నెండు వందల చోట్లు

లండన్‌లో రాయల్ అకాడమీ అనే కళాసంస్థ 1769లో పెట్టిన మొదటి ప్రదర్శనలో ఉన్నవి 136 కళాఖండాలు. అప్పటినుంచి ఒక్క ఏడూ తప్పలేదు. రెండు ప్రపంచ యుద్ధాలప్పుడూ ఆపలేదు. కోవిడ్ వచ్చిన 2020లో అక్టోబరుకు జరిపారు, పేరు మాత్రం ‘వేసవి ప్రదర్శన’ అనే ఉంచారు.

ఇందులో ఎవరైనా పోటీ పడవచ్చు. డిగ్రీ అడగరు, పేరున్నవాళ్ల సిఫారసు అడగరు. ఒక్కొక్కరు రెండు బొమ్మల దాకా పంపుకోవచ్చు. ఇటీవలి ఏళ్లలో వస్తున్నవి 16 వేలకు పైనే. ఫొటోలు చూసి వాటిని సుమారు 4 వేలకు కుదిస్తారు. ఈ వడపోతలో నిలిచినవాళ్లు అసలు బొమ్మను లండన్ చేర్చాలి. చివరికి ప్రదర్శనకెక్కేవి ఏడాదిని బట్టి 1,200 నుంచి 1,700. అంటే సుమారు పది నుంచి పదమూడింటిలో ఒకటి. మన గ్రూప్స్ పరీక్షల కంటే నయమే అనిపిస్తుంది.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. అకాడమీ సభ్యులు ఎంపికతో పనిలేకుండా తలా ఆరు దాకా పెట్టుకోవచ్చు. వాళ్లు 80 మందికి పైగానే ఉంటారు. అందరూ ఆరేసి పంపరు గానీ, పంపితే కనీసం 480 చోట్లు వాళ్లవే. ఆహ్వానం మీద వచ్చేవి వేరు. కొత్తవాళ్లకు మిగిలేది ఆ తర్వాతి గోడ.

ఎంపిక గదిలో పాత పద్ధతి ఇలా ఉండేది. కమిటీ వరసగా కూర్చుంటే, పనివాళ్లు ఒక్కో బొమ్మనూ ముందుకు తెచ్చి చూపేవారు. వద్దనుకుంటే ‘ఎక్స్’, తీసుకుంటే ‘ఎ’, తేల్చుకోలేకపోతే ‘డి’. ‘ఎ’ దొరకడం అరుదు. ‘డి’ పడ్డవాటి భవిష్యత్తు తగిలించే రోజున తేలేది. రెండు పెద్ద బొమ్మల మధ్య మూరెడు ఖాళీ మిగిలితే, అందులో పట్టేది ఏదైతే అది గోడెక్కేది. బాగా గీసినవాడికి కొలత కూడా కలిసిరావాలన్నమాట.

గోడ గొడవ కొత్తదేమీ కాదు. ప్రదర్శన సోమర్‌సెట్ హౌస్ అనే భవనంలో జరిగే రోజుల్లో నేల నుంచి దాదాపు 8 అడుగుల ఎత్తున గోడ చుట్టూ ఒక పట్టీ ఉండేది. పెద్ద చిత్రాల అడుగు అంచు ఆ పట్టీ మీద ఆనాలి. 1784లో చిత్రకారుడు గెయిన్స్‌బరో తాను గీసిన రాకుమార్తెల చిత్రాన్ని అయిదున్నర అడుగుల ఎత్తులోనే పెట్టమన్నాడు. కుదరదన్నారు. చిత్రాలన్నీ వెనక్కి తీసుకెళ్లిపోయాడు, మళ్లీ అక్కడ ప్రదర్శించలేదు. మరో ఆరేళ్లకు, 1790లో, ఒక మంగలి కొడుకు గీసిన నీటిరంగుల చిత్రాన్ని అదే ప్రదర్శనకు తీసుకున్నారు. వాడికి 15 ఏళ్లు. పేరు టర్నర్, తర్వాత పేరుమోసిన చిత్రకారుడయ్యాడు.

ఇక డబ్బు. ఒక్కో బొమ్మకు దరఖాస్తు రుసుము 40 పౌండ్ల దరిదాపు. మన లెక్కలో నాలుగు వేల రూపాయల పైమాటే. తిరస్కరించినా తిరిగి రాదు. 16 వేల బొమ్మలకు లెక్కేస్తే 6.4 లక్షల పౌండ్లు. అమ్ముడుపోతే ధరలో మూడో వంతుకు దగ్గరగా కమీషన్. ఆ ఆదాయంలో కొంత అకాడమీ కళాబడిని నడపడానికి వెళ్తుంది. అక్కడ మూడేళ్ల చదువుకు ఫీజు లేదు. అంటే ఓడిపోయిన వేలమంది కలిసి కొద్దిమందిని చదివిస్తున్నారు. నాకిది అన్యాయంగా తోచదు, కానీ ఆ మాట రుసుము రసీదు మీదే వేస్తే బాగుంటుంది.

అమ్మినదాని పక్కన ఎర్ర చుక్క అంటిస్తారు, అచ్చం కుంకుమ బొట్టులా. పెద్ద కాన్వాసుకు ఒకటే చుక్క. అచ్చు తీసిన చిన్న బొమ్మకు ఎన్ని ప్రతులు అమ్మితే అన్ని చుక్కలు. ఒక్కోసారి బొమ్మ కంటే బొట్లే ఎక్కువ కనిపిస్తాయి. చేతిలో డబ్బు లేని కొత్త చిత్రకారుడు లినోకట్టో ఎచింగో లాంటి అచ్చు బొమ్మ పంపడం అందుకే తెలివైన పని.

2018లో వీధి చిత్రకారుడు బ్యాంక్సీ వేరే మారుపేరుతో ఒక బొమ్మ పంపితే కమిటీ తిప్పికొట్టింది. ఒక నెల తర్వాత, ఆ ఏటి సమన్వయకర్త గ్రేసన్ పెర్రీ బ్యాంక్సీనే ఏదైనా ఇమ్మని అడిగాడు. బ్యాంక్సీ అదే బొమ్మను కాస్త మార్చి ఇచ్చాడు. ఈసారి గోడెక్కింది. వేసిన వెల 35 కోట్ల పౌండ్లు. బ్రిటన్ ఐరోపా సమాఖ్యను వదలాలన్న బ్రెగ్జిట్ ప్రచారం బస్సు మీద రాసుకుని తిరిగిన అంకె అది.