కొట్టం బతికితేనే ఊరు నిలుస్తది

స్విట్జర్లాండ్ అనంగనే మనోళ్లకు సినిమా పాటలు యాదికొస్తయ్. పచ్చటి గుట్టలు, మంచు, మెడల గంట కట్టిన ఆవులు, ఎండకు నల్లబడ్డ కట్టె ఇండ్లు, నడుమ తెల్లటి చర్చి. రీల్స్‌ల జూస్తే ఫొటో కోసం ఎవరో పొద్దుగాల్నే కడిగి పెట్టినట్టుంటది. ఆ ఇండ్లల్ల ఎవలుంటరు, ఏం పని జేసుకోని బతుకుతరు, అవి కూలిపోకుంట ఇన్నేండ్లు ఎట్ల నిలబడ్డయ్ అన్నది మాత్రం ఆ వీడియోలల్ల కనపడదు. అసలు ముచ్చట అంత అండ్లనే ఉన్నది.

వ్రిన్ అనే ఊరిని తీసుకుందాం. ఆల్ప్స్ గుట్టలల్ల, గ్రాబుండెన్ రాష్ట్రంల, లుమ్నెజియా లోయల ఎగువ కొసకు ఉంటది. సముద్ర మట్టానికి సుమారు 1,450 మీటర్ల ఎత్తు. ఉండేది రెండు మూడు వందల మంది. వాళ్లు మాట్లాడేది రోమాన్ష్ భాష. స్విట్జర్లాండ్ జనంల ఆ భాష సొంత భాషగా ఉన్నోళ్లు నూటికి ఒక్కరు గూడ ఉండరు. అయినా 1938ల దేశమంతా ఓట్లేసి దాన్ని నాలుగో జాతీయ భాషగా ఒప్పుకున్నది. చిన్న ఊరు, చిన్న భాష, రెండింటికీ పొద్దుగాల లేస్తే ఒకటే రంది: పిల్లలు ఈడ ఉంటరా, పట్నం పోతరా?

ఊర్ల అన్నిటికంటె పెద్దది చర్చి. 1689ల మొదలువెట్టి 1694ల పూర్తిజేసిన్రు. కట్టినాయన పేరు ఆంతోనియో బ్రోజియో. అదే రాష్ట్రంల దక్షిణం దిక్కు ఇటాలియన్ మాట్లాడే లోయలు ఉంటయ్, ఆయనది ఆడ రొవెరెదో. ఆ కాలంల ఆ లోయల సుతారులు యూరప్ అంతటా తిరిగి చర్చిలు, కోటలు కట్టేటోళ్లు. అందుకే గుట్ట మీది రైతుల ఊర్ల గూడ పట్నంల కనపడే పనితనం కనపడుతది. చర్చి పక్కన పాత బొక్కల గది ఒకటుంటది. గుట్ట మీద బొందలకు జాగ తక్కువ. అందుకని కొన్నేండ్లకు బొందలు మళ్ల తవ్వి, పాత బొక్కలు తీసి ఆ గదిల పెట్టేది. పుర్రెలను ఆడ వరుసకు పేర్చిన్రు. మనకు భయమైతదేమో గనీ, వాళ్లకు వాళ్లు తాతలు, ముత్తాతలు.

చర్చిని కాపాడుడు ఒక రకంగ అల్కటి పని. అది ఎన్నడు కట్టిన్రో అన్నడు ఏ పనికి వాడిన్రో, ఇయ్యాల గూడ అదే పనికి వాడుతున్నరు. కప్పు బాగుజేయాలె, గోడకు సున్నం గొట్టాలె, బొమ్మలకు రంగులు సరిజేయాలె. పైసలుంటే అయిపోతది. చిక్కంత రైతు ఇంటితోని, దానికంటే ఎక్కువ పశువుల కొట్టంతోని.

వ్రిన్‌ల ఇల్లు గానీ కొట్టం గానీ మొత్తం కట్టెతోనే ఉంటది. దూలం మీద దూలం పండవెట్టి, మూలల కాడ గాట్లు వెట్టి, ఒకదాంట్ల ఒకటి ఇరికిస్తరు. ఈ తీరు కట్టుడుకు జర్మన్ల వాడే మాట అల్లుడు అన్న మాట నుంచి వచ్చింది. బుట్ట అల్లినట్టు ఇల్లు అల్లుతరన్నట్టు. ఇంటికి దూలాలు సందు లేకుంట బిగిస్తరు, సలి లోపలికి రావద్దు గదా. గడ్డి దాసే కొట్టానికి మాత్రం కావాలనే సందులు ఇడుస్తరు. గాలి ఆడి గడ్డి ఆరుతది, బూజు పట్టది. ఎండకాలం ఆవులు పైన గుట్టల మీద మేస్తయ్. కింద రైతులు గడ్డి కోసి ఎండవెడుతరు. మంచు వడ్డ నెలలన్నీ ఆవులు కొట్టంల ఆ గడ్డి మీదనే బతకాలె. అందుకే ఊర్ల ఇండ్లకు ఎంత జాగ ఉంటదో కొట్టాలకు గూడ అంత జాగ ఉంటది. కొట్టం అంటే ఆ రైతుకు సగం బతుకు.

ఇగ చట్టం సంగతి. ప్రకృతిని, పాత కట్టడాలను కాపాడేందుకు స్విస్ పార్లమెంటు 1966ల చట్టం తెచ్చింది. ఆ చట్టం కింద ఊర్ల జాబితా ఒకటి తయారు జేసిన్రు. అండ్ల ఒక్కో గుడిని, ఒక్కో ఇంటిని ఇడిగ సూడరు. ఊరిని మొత్తం సూస్తరు. ఇండ్ల వరుస, నడుమ తొవ్వలు, పెరళ్లు, ఊరి పక్కపొంటి గడ్డి భూములు, అన్నీ లెక్కల కొస్తయ్. వ్రిన్ ఆ జాబితల జాతీయ స్థాయిల ఉన్నది. అంటే నడుమ ఖాళీ జాగల ఇష్టమొచ్చినట్టు మూడంతస్తులు లేపుతనంటే నడువది.

మరి రైతు ఏం జేయాలె? పాత కొట్టం కప్పు తక్కువ ఎత్తుల ఉంటది, ట్రాక్టర్ లోపలికి పోదు. ఇప్పటి ఆవు ఎనకటి ఆవు కంటె పెద్దది. జంతు సంరక్షణ చట్టం ప్రకారం ఒక్కో ఆవుకు ఇంత జాగ ఉండాలె, ఇంత ఎలుతురు ఉండాలె. పాత కొట్టంతోని ఇయ్యన్నీ కావు. కూలగొడుదామంటే రూలు ఒప్పుకోదు. ఊరికి దూరంగ రేకుల షెడ్డు ఏసుకుంటే ఎవుసం నడుస్తది గనీ, ఊర్ల కొట్టాలన్నీ ఖాళీగ వడతయ్. ఖాళీ కొట్టం కప్పు మీద మంచు వడి ఒకనాడు కూలుతది. లేకపోతే పట్నపోళ్లు కొని, లోపట సోఫాలేసి, సెలవుల బంగ్లా జేసుకుంటరు. ఏడాదికి రెండు మూడు వారాలు తప్ప తాళమే. అసొంటి ఇండ్లకు ఆడ ‘సల్లటి మంచాలు’ అని పేరువెట్టిన్రు. బయట గోడ అట్లనే ఉంటది, బోర్డు గూడ ఉంటది, పొయ్యిల నిప్పు ఉండదు. పాత పెంకుటిల్లు ఇప్పి స్లాబ్ ఏసుకున్నోళ్లను మనదిక్కు చదువుకున్నోళ్లు ఊకె తిడతరు గదా, ఆ ఇంట్ల ఎట్ల ఉండాల్నో మాత్రం ఎవ్వరు చెప్పరు. వ్రిన్ రైతుల ముందట గూడ అదే ప్రశ్న ఉండె.

వాళ్లు ముందుగాల జాగ కాడ జాగ్రత్త వడ్డరు. 1970ల చివర్ల ప్రో వ్రిన్ అని ఒక సంస్థ పెట్టుకున్నరు. రియల్ ఎస్టేట్ దందా రాకముందే ఊర్ల అమ్మకానికొచ్చిన ఇండ్ల జాగలు ఊరే కొని పట్టుకున్నది. ఊర్ల ఉండి పని జేసుకునేటోళ్లకు జాగ దొరకాలె, సట్టా బేరగాళ్లకు దొరకద్దు. నాకు ఈ కథల అన్నిటికంటె పెద్ద పని ఇదే అనిపిస్తది. భూమి ధర పెరిగినంక ఏ చట్టం తెచ్చినా రైతు కొనలేడు.

గా తర్వాత గియాన్ కామినాద. ఈయన 1957ల ఆ ఊర్లనే రైతు ఇంట్ల పుట్టిండు. ముందుగాల వడ్రంగి పని నేర్చి, ఆనంక ఆర్కిటెక్ట్ అయ్యిండు. జూరిచ్ ఈటీహెచ్‌ల ప్రొఫెసర్ గూడ అయ్యిండు. ఈయన పాత కొట్టాలను నకలు కొట్టలే. దూలాల అల్లిక తీరు పాతదే తీసుకోని, ఇప్పటి ఆవులకు, ఇప్పటి ట్రాక్టర్లకు సరిపోయే కొట్టాలు కట్టిచ్చిండు. కట్టె చుట్టుపక్కల అడవులదే, పనిజేసింది ఆ ఊరి వడ్రంగులే. కొత్త కొట్టాలను ఊరికి దూరంగ ఇసిరేసినట్టు పెట్టకుంట, ఊరి అంచుకు ఆనిచ్చి కట్టిన్రు. ఆ పక్కనే మాంసం కోసి తయారుజేసే జాగ ఒకటి కట్టుకున్నరు. ఎనకట పశువును దళారికి అమ్మితే ఆయన చెప్పిందే రేటు. ఇప్పుడు మాంసం జేసి సీదా కొనేటోళ్లకు అమ్ముతే నడుమ పైసలు రైతుకే మిగులుతయ్. పాత కట్టడాల రక్షణ ముచ్చట్ల మాంసం అమ్ముడు ఏంది అనుకుంటరేమో. ఆవు లేకపోతే గడ్డి కోసేటోడు ఉండడు, గడ్డి కోయకపోతే వాలు మీద పొదలు లేస్తయ్, ఆ జాబితల రాసిన ఊరి సూరతే మారుతది. సర్కారు గూడ నిటారు వాలు మీద గడ్డి కోసే రైతులకు అదనంగ పైసలిస్తది. పైసలున్న దేశం గదా, ఇయ్యగలుగుతది, ఆ మాట గూడ యాదుంచుకోవాలె.

1998ల వ్రిన్‌కు వాకర్ బహుమతి వచ్చింది. స్విట్జర్లాండ్‌ల పాత ఊర్లను కాపాడే సంఘం 1972 నుంచి దీన్ని ఏటా ఇస్తున్నది. ఇది ఆర్కిటెక్ట్‌కో, ఒక బిల్డింగ్‌కో ఇయ్యరు, ఊరి పంచాయతీకి ఇస్తరు.

బహుమతి వచ్చినంక గూడ పని ఆగలే. 2002ల చర్చి పక్కకు చనిపోయినోళ్లను ఉంచే చిన్న ఇల్లు కట్టిన్రు. పేరు ‘స్తీవా ద మోర్త్స్’, అంటే పోయినోళ్ల గది. అంతకుముందు శవాన్ని ఇంట్లనే ఉంచి, ఊరంత వచ్చి కూసునేది. ఇండ్లు చిన్నగున్నయ్, బతుకులు మారినయ్, అట్లని పట్నం ఆస్పత్రి మార్చురీల పెట్టబుద్ధి కాలే. ఊరోళ్లతోని ఏండ్లకేండ్లు మాట్లాడినంకనే కామినాద దాన్ని కట్టిండు. అదే అల్లిక కట్టె ఇల్లు గనీ, చర్చి సుట్టమని తెలిసేటట్టు బయట తెల్లరంగు ఏసిన్రు. శవం కాడ కూసునేటోళ్లకు జాగ ఉంటది, బయటకొచ్చి మాట్లాడుకునేటోళ్లకూ ఉంటది.

అంతా మంచిగైపోయిందని చెప్తలేను. సెలవుల బంగ్లాలు ఏ ఊర్లనైనా నూటికి ఇరవై దాటద్దని 2012 మార్చిల దేశమంతా ఓట్లేసిన్రు. అవునన్నోళ్లు సగం కంటె జరంత ఎక్కువ. వద్దని గట్టిగ కొట్లాడింది ఎవలో తెలుసా? వాలే లెక్కటి గుట్టల రాష్ట్రాలోళ్లే. బంగ్లాలు కడితెనే సుతారికి, వడ్రంగికి, ఎలక్ట్రీషియన్‌కు పని దొరుకుతది, పట్నంల కూసోని మా పొట్ట మీద ఓటేస్తరా అని అడిగిన్రు. వాళ్ల కోపంల గూడ న్యాయం ఉన్నది. వ్రిన్ పంచాయతీ 2013ల లోయల ఉన్న తక్కిన ఊర్లతోని కలిసి లుమ్నెజియా అనే ఒక్క పంచాయతీ అయ్యింది. ఇప్పుడు ఊరి జాగ ఎవలకియ్యాలె, కొట్టం ఏడ కట్టాలె అన్న మాట లోయల అందరు కలిసి తేల్చుకోవాలె.