హెచ్‌ఆర్ జాబ్‌లోకి మారాలనుకుంటున్నారా? ఫీజు కట్టే ముందు ఇది చూడండి.. ఏ కోర్సు ఎవరికి పనికొస్తుందంటే?

టీచర్‌గా, బీపీవో టీమ్ లీడ్‌గా, బ్యాంక్ సేల్స్‌లో అయిదారేళ్లు పనిచేసి ఇప్పుడు హెచ్‌ఆర్ వైపు చూస్తున్నవాళ్లు చాలామందే ఉన్నారు. గూగుల్‌లో వెతికితే చాలు.. నెల రోజుల సర్టిఫికెట్ నుంచి రెండేళ్ల ఎంబీఏ దాకా వందల కోర్సులు కనిపిస్తాయి. మరి దేనికి డబ్బు పెట్టాలి? ఇక్కడే చాలామంది కన్ఫ్యూజ్ అవుతున్నారు. సర్టిఫికెట్ చిన్నది, ఎంబీఏ పెద్దది అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. ఒక్కో కోర్సు ఒక్కో రకం ఉద్యోగానికి దారి. ఏ ఉద్యోగం కావాలో ముందు తేల్చుకుంటే కోర్సు ఏదో దానంతట అదే తేలిపోతుంది.

హెచ్‌ఆర్ అంటే ఒక్క ఉద్యోగం కాదు

కొత్తగా వచ్చేవాళ్లకు ప్రధానంగా మూడు దారులున్నాయి. ఒకటి రిక్రూట్‌మెంట్, అంటే క్యాండిడేట్లను వెతకడం, ఇంటర్వ్యూలు సెట్ చేయడం. రెండోది పేరోల్, కంప్లయన్స్.. అంటే జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలు. మూడోది ఫ్యాక్టరీల్లో కార్మికుల సంక్షేమం, యూనియన్లతో వ్యవహారాలు చూసే పని.

రిక్రూట్‌మెంట్ అయితే..

ఈ దారిలో డిగ్రీ, మాట తీరు, టార్గెట్ పూర్తి చేసే అలవాటు ఎక్కువగా చూస్తారు. కన్సల్టెన్సీల్లో ఫ్రెషర్లను కూడా తీసుకుంటారు. సేల్స్, కాల్ సెంటర్ అనుభవం ఉన్నవాళ్లకు ఇది దగ్గరి దారి. దీని కోసం లక్షలు పోసి కోర్సు చేయాల్సిన పనిలేదు. ముందు ఉద్యోగంలో చేరి, తర్వాత చదువుకోవచ్చు.

పేరోల్ అయితే లెక్క రావాల్సిందే

ఒక చిన్న టెస్ట్. బేసిక్, డీఏ కలిపి రూ.15,000 ఉన్న ఉద్యోగి జీతంలో పీఎఫ్ కింద ఎంత కట్ అవుతుంది? 12 శాతం చొప్పున రూ.1,800. ఈఎస్ఐ లెక్కకు వచ్చే జీతం రూ.20,000 అయితే? ఉద్యోగి వాటా 0.75 శాతం అంటే రూ.150, కంపెనీ వాటా 3.25 శాతం అంటే రూ.650. ఇలాంటి లెక్కలు ఎక్సెల్‌లో తప్పు లేకుండా చేయగలిగేలా తయారుచేసే షార్ట్ టర్మ్ కోర్సు అయితే ఈ ఉద్యోగానికి సరిపోతుంది. అకౌంట్స్ అనుభవం ఉంటే ఇంకా ప్లస్.

అయితే ఒక విషయం మర్చిపోవద్దు. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 29 పాత చట్టాల స్థానంలో ఇవి వచ్చాయి. ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లినప్పుడు సిలబస్‌లో కొత్త కోడ్‌లు ఉన్నాయా అని అడగండి. పాత నోట్స్‌తోనే నెట్టుకొస్తుంటే అక్కడ డబ్బు కట్టడం వేస్ట్.

ఫ్యాక్టరీ ఉద్యోగానికి సర్టిఫికెట్ చాలదు

పాశమైలారం, శ్రీసిటీ, అచ్యుతాపురం లాంటి చోట్ల పరిశ్రమల్లో పనిచేయాలనుకుంటే సంగతి వేరు. పాత ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 500 మంది కార్మికులుంటే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలి. కొత్త కోడ్‌లో ఈ సంఖ్యను 250కి తగ్గించారు. ఈ పోస్టుకు ఏ చదువు ఉండాలో ప్రభుత్వ రూల్స్‌లోనే ఉంటుంది. సాధారణంగా సోషల్ వర్క్, లేబర్ వెల్ఫేర్ లాంటి సబ్జెక్టుల్లో పీజీ అడుగుతారు. ఆన్‌లైన్ సర్టిఫికెట్ చూపిస్తే కుదరదు.

ఉద్యోగం మానకుండా చదవాలంటే?

ఇగ్నోలో హెచ్‌ఆర్ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమా ఉంది. కనీసం ఏడాది, గరిష్టంగా మూడేళ్లలో పూర్తి చేయొచ్చు. పెద్ద కంపెనీల్లో మేనేజర్ స్థాయికి వెళ్లాలనుకుంటే మాత్రం ఎంబీఏ అడిగే చోట్లు ఎక్కువ. రెగ్యులర్‌గా చదవాలంటే తెలంగాణ, ఏపీల్లో ఐసెట్ రాయొచ్చు. దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీ అయితే ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో గుర్తింపు ఉందో లేదో తప్పకుండా చెక్ చేసుకోండి. గుర్తింపు లేకపోతే రెండేళ్ల కష్టం, ఫీజు రెండూ పోయినట్లే.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు..

కుటుంబంతో యూకే వెళ్లి అక్కడ హెచ్‌ఆర్‌లోకి రావాలనుకునేవాళ్లకు సీఐపీడీ క్వాలిఫికేషన్ ఉంది. ఇందులో లెవెల్ 3, 5, 7 ఉంటాయి. అసలు హెచ్‌ఆర్ తెలియనివాళ్లకు లెవెల్ 3 మొదటి మెట్టు. అమెరికాలో హెచ్‌ఆర్‌సీఐ అనే సంస్థ ఏపీహెచ్‌ఆర్ పరీక్ష పెడుతోంది. దీనికి హెచ్‌ఆర్ అనుభవం అక్కర్లేదు. కానీ అందులో వచ్చేది అమెరికా చట్టాలు. హైదరాబాద్‌లో ఉండి పీఎఫ్ పని చూడాలనుకునేవాళ్లకు ఇది నేరుగా ఉపయోగపడదు.

ఫీజు కట్టే ముందు ఈ పని చేయండి

మీ ఊళ్లో, మీకు నచ్చిన పోస్టుకు వచ్చిన 20 జాబ్ యాడ్స్ తీసుకోండి. ఎన్నింటిలో ఎంబీఏ తప్పనిసరి అన్నారు? ఎన్నింటిలో డిగ్రీ చాలన్నారు? మీరు చేరాలనుకుంటున్న సర్టిఫికెట్ పేరు ఎన్నింటిలో ఉంది? కాగితం మీద రాసుకోండి. ఒక్క యాడ్‌లో కూడా ఆ పేరు లేకపోతే ఆ కోర్సు గురించి మళ్లీ ఆలోచించాల్సిందే.

'100 శాతం ప్లేస్‌మెంట్' అని చెప్తే గత బ్యాచ్‌లో ఎవరికి, ఏ పోస్టు, ఎంత జీతానికి వచ్చిందో అడగండి. వీలైతే ఆ బ్యాచ్‌వాళ్లతో మాట్లాడండి. రీఫండ్ రూల్స్ రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంకో మాట. కొత్త ఫీల్డ్‌లో మొదటి జీతం ఇప్పటి జీతం కంటే తక్కువ ఉండొచ్చు. ఈఎంఐలు, పిల్లల ఫీజులు ఉన్నవాళ్లు ఆ తేడాను కోర్సు ఖర్చులో కలిపి చూసుకోవాలి. రాజీనామా చేసే ముందు ఇప్పుడున్న కంపెనీలోనే హెచ్‌ఆర్ టీమ్‌లో ఖాళీ ఉందేమో కనుక్కోండి. అక్కడ మీ పని తెలిసినవాళ్లు ఉంటారు కాబట్టి సర్టిఫికెట్ లేకుండానే అవకాశం దొరకొచ్చు.