కొత్త ఏసీ ఈ రోజే బిగించేస్తారా?

నడి వేసవిలో ఏసీ మొరాయిస్తే, కొత్తది ఎప్పటికి బిగిస్తారన్నదే ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న. నిజానికి ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మెకానిక్ మన గుమ్మం తొక్కడానికి ఎన్ని రోజులు పడుతుంది, తొక్కాక పనికి ఎన్ని గంటలు పడుతుంది? రోజుల లెక్క ఎండను బట్టి మారుతుంది, దాన్ని ఎంత కుదించుకోగలిగితే అంత మేలు. గంటల లెక్కకు ఎండతో సంబంధం లేదు. దాన్ని కుదిస్తే నష్టపోయేది మాత్రం కొన్నవాళ్లే.

ఇళ్లలో ఎక్కువగా కనిపించే టన్నున్నర స్ప్లిట్ ఏసీనే తీసుకుందాం. పాతది ఉన్నచోటే కొత్తది పెట్టాలి, గోడకు రంధ్రం ఉంది, కరెంటు పాయింటు సరిపోతుంది, బయటి స్టాండుకు తుప్పు పట్టలేదు అనుకుంటే ఇద్దరు మనుషులకు మూడు నాలుగు గంటల పని. పాతది విప్పడానికే గంట దాకా పడుతుంది. కంప్రెసర్ ఇంకా ఆడుతుంటే దాన్ని నడిపించి, గ్యాసునంతా బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు మూసేస్తారు. కంప్రెసర్ కాలిపోతే ఆ వీలుండదు, వేరే యంత్రంతో సిలిండర్‌లోకి పట్టాలి. చాలాచోట్ల పైపు విప్పి గాల్లోకి వదిలేస్తారు. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 ఓజోన్ పొరను తినే వాయువు కాబట్టి ఆ ఆదా చేసిన అరగంటకు మూల్యం ఊరంతా చెల్లిస్తుంది.

అసలు కోత పడేది వాక్యూమ్ దగ్గర. కొత్త ఏసీకి కావలసిన గ్యాసును కంపెనీ బయటి యూనిట్‌లోనే నింపి పంపుతుంది. బిగించే వేళకు రాగి గొట్టాల్లో ఉండేది మామూలు గాలి, అందులో తేమ. పంపు పెట్టి లాగితే గొట్టంలో పీడనం పడిపోతుంది, అప్పుడు నీరు గది వేడికే మరిగి ఆవిరై బయటికి పోతుంది. దీనికి ఇరవై నిమిషాల నుంచి అరగంట, ఆపైన పంపు ఆపి గేజిలో ముల్లు కదలకుండా నిలిచిందో లేదో చూడటానికి మరో పది నిమిషాలు. మెకానిక్ ఎంత నేర్పరైనా ఈ సమయాన్ని పెద్దగా తగ్గించలేడు. తేమ మిగిలితే కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి ఆమ్లం పుడుతుంది, అది వైండింగును కొరికేస్తుంది. విశాఖ, కాకినాడల ఉక్కలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. తొందరలో ఉన్నవాళ్లు పంపు వాడకుండా కొత్త గ్యాసునే కొంత వదిలి గాలిని బయటికి నెడతారు. గాలి పోయినా తేమ పూర్తిగా పోదు, తూకం వేసి నింపిన గ్యాసు తరిగిపోతుంది. పైగా ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది.

ఇక అపార్ట్‌మెంట్లలో గొట్టాలను గోడలోనో ఫాల్స్ సీలింగు పైనో దాచేస్తారు. ఆర్-22 కోసం వేసిన గొట్టంలో పేరుకున్న పాత ఆయిల్, కొత్త గ్యాసుతో వాడే సింథటిక్ ఆయిల్‌కు పడదు. ఆర్-32 పనిచేసే పీడనం కూడా ఆర్-22 కంటే సుమారు ఒకటిన్నర రెట్లు, పాత అతుకులు దాన్ని ఓర్చుకోలేకపోవచ్చు. కొత్త గొట్టం వేయడమే మంచిది. వీలు కాకపోతే సైజు, మందం సరిచూసి, నైట్రోజన్‌తో శుభ్రం చేసి, లీకు పరీక్షించాకే పాతది వాడాలి. అప్పుడు పూట పని రోజు పనవుతుంది. గోడ పగలగొట్టాల్సి వస్తే మేస్త్రి, పెయింటరు కూడా దిగుతారు, రెండు మూడు రోజులు అనుకోవచ్చు.

పక్కింట్లో గంటలో బిగించి వెళ్లారు, చల్లగానే ఉంది కదా అనేవాళ్లుంటారు. ఉండొచ్చు. గంటలో చేసిన పనిలోని లోపం ఆ సాయంత్రమే బయటపడదు. సన్నటి లీకు మరుసటి వేసవిలో చల్లదనం తగ్గడంగా కనిపిస్తుంది, గ్యాసు నింపించి ఇంకో ఏడాది నెట్టుకొస్తారు. ఏటేటా గ్యాసు నింపడం మామూలేనన్న నమ్మకం మన దగ్గర స్థిరపడిందంటే, సగం పాపం ఇలాంటి బిగింపులదే అనిపిస్తుంది. సరిగ్గా బిగించిన ఏసీలో గ్యాసు ఖర్చయ్యేది కాదు.

ఇంట్లో పసిబిడ్డో, మంచం పట్టిన పెద్దవాళ్లో ఉంటే నాలుగు రోజులు ఆగమనడం సులువు కాదు, ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. అలాంటప్పుడు విండో ఏసీ గురించి ఆలోచించవచ్చు. ఒకటే పెట్టె, గ్యాసు ఫ్యాక్టరీలోనే సీలు చేసి ఉంటుంది. కిటికీలో చట్రం అమరి ఉంటే గంటలో నడుస్తుంది. తెలంగాణ, రాయలసీమల పొడి ఎండకు కూలరైనా కొన్నాళ్లు ఆదుకుంటుంది, కోస్తా ఉక్కకు దానివల్ల పెద్ద ఉపశమనం ఉండదు.

మెకానిక్ కోసం ఎదురుచూపు ఫిబ్రవరిలో ఒకటి రెండు రోజులైతే, రోహిణి కార్తెలో వారం పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ ఎదురుచూపులో కొంత మన చేతిలోనే ఉంది. పెట్టెతో వచ్చే గొట్టం మామూలుగా మూడు మీటర్లే ఉంటుంది. అందుకే కొనేటప్పుడే రెండు యూనిట్ల మధ్య దూరం కొలిచి చెప్పండి, స్టాండు, ప్లగ్ పాయింటు, బయటి గోడ ఫొటోలు పంపండి. పై అంతస్తయితే తాళ్లు, మూడో మనిషి కావాలని ముందే తెలిస్తే రెండోసారి తిరగాల్సిన పని తప్పుతుంది. మెకానిక్ రాగానే వాక్యూమ్ పంపు తెచ్చాడో లేదో అడగండి. తేకపోతే, ఎండ ఎంత మండుతున్నా సరే, మర్నాడు తీసుకుని రమ్మని చెప్పండి.