తపాలా బిళ్ళ మీద అందరి పండుగ



ఇప్పుడు మీరు ఉత్తరం రాయగలరు. చిరునామా చదవగలరు. ఫోన్లు ఎన్ని వచ్చినా పోస్టుమాన్ రావడం మానలేదు గదా! ఈసారి స్టాంపు అంటించిన కవరు వస్తే గబుక్కున చింపకండి. పైన కుడివైపు మూల చూడండి. అక్కడ చిన్న కాగితం బిళ్ళ ఉంటుంది. అదే తపాలా బిళ్ళ. వాడుకలో స్టాంపు అంటాం.

దాని మీద వెల ఉంటుంది. మన దేశం పేరు ఉంటుంది. ఒక బొమ్మ ఉంటుంది. ఉత్తరం చేర్చే ఖర్చు ముందే కట్టామని చెప్పే రసీదు అది. ప్రభుత్వం అచ్చు వేయిస్తుంది. కాబట్టి అది ప్రభుత్వ కాగితం.

ప్రభుత్వ కాగితం మీద గుడి బొమ్మ ఎందుకు?

మన ప్రభుత్వానికి సొంత మతం లేదు. అన్ని మతాలూ దానికి సమానమే. మరి స్టాంపు మీద గుడి, మసీదు, చర్చి బొమ్మలు ఎందుకు?

ప్రభుత్వానికి మతం లేకపోయినా ప్రజలకు ఉంది. పండుగలు ఉన్నాయి. ఒకరి పండుగే వేస్తే మిగతావాళ్ళు ఏమనుకుంటారు? "మేము ఈ దేశం వాళ్ళం కామా?" అనుకుంటారు. అందరివీ వేస్తే ఆ బాధ ఉండదు. బిళ్ళ చిన్నదే. అది చెప్పే మాట మాత్రం పెద్దది.

మన దేశంలో ఏం జరిగింది?

నిజాం నవాబు ముస్లిం. హైదరాబాదు రాజ్యానికి వేరే స్టాంపులు ఉండేవి. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు అక్షరాలు కూడా ఉండేవి. 1931లో వేసిన స్టాంపుల్లో చార్మినారు ఉంది. దాని పై అంతస్తులో మసీదు ఉంది. అదే వరుసలో అజంతా గుహలూ ఉన్నాయి. అవి బౌద్ధులవి.

1947లో దేశం రెండు ముక్కలైంది. మతం పేరు మీద ఎన్నో ప్రాణాలు పోయాయి. రెండేళ్ళకు, 1949 ఆగస్టు 15న, ప్రభుత్వం 16 స్టాంపులు వేసింది. వాటిలో నటరాజు ఉన్నాడు. సాంచి బౌద్ధ స్తూపం ఉంది. బీజాపూరు గోల్ గుంబజ్ ఉంది. అమృతసర్‌లో సిక్కుల స్వర్ణ దేవాలయం ఉంది. పాలితానాలో జైనుల గుడి ఉంది. కొట్టుకుని విడిపోయిన రోజుల్లో ఇవన్నీ ఒకే వరుసలో నిలబడ్డాయి.

ఆ వరుసలో చర్చి లేదు. తర్వాత 1964లో సెయింట్ థామస్ స్టాంపు వచ్చింది. 1980లో మదర్ తెరెసా స్టాంపు వచ్చింది. 2008లో దసరా, దీపావళి స్టాంపులు వచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో క్రిస్మస్ స్టాంపులు వచ్చాయి.

మన తెలుగువాళ్ళూ ఉన్నారు. దేవుడి మీద పాటలు కట్టిన అన్నమయ్య స్టాంపు 2004లో వచ్చింది. పైపై భక్తిని నిలదీసిన వేమన స్టాంపు అంతకు ముందే, 1972లో వచ్చింది. ఇద్దరికీ చోటు దొరికింది.

బయటి దేశాల్లో

అమెరికాలో 2001 సెప్టెంబరు 1న మొదటిసారి ఈద్ స్టాంపు వేశారు. పది రోజులకే అక్కడ పెద్ద దాడి జరిగింది. వేల మంది చనిపోయారు. ఆ కోపంలో కొందరు ఈద్ స్టాంపు తీసేయాలన్నారు. తపాలా శాఖ తీయలేదు. 2002లో మళ్ళీ అచ్చు వేసింది. ఎవరో చేసిన పాపానికి పండుగ చేసుకునేవాళ్ళను నిందించడం న్యాయమా?

అక్కడి మన దేశం వాళ్ళు దీపావళి స్టాంపు కావాలని అడిగారు. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టారు. వేల సంతకాలు పోగు చేశారు. చివరికి 2016 అక్టోబరు 5న వెలిగే దీపం బొమ్మతో స్టాంపు వచ్చింది. చూశారా, సంతకానికి ఎంత బలం ఉందో!

2012లో మన దేశం, ఇజ్రాయెల్ దేశం కలిసి స్టాంపులు వేశాయి. ఒకటి దీపావళి. రెండోది యూదుల దీపాల పండుగ హనుక్కా. యూదులు ఎక్కడో దూరాన ఉంటారనుకోకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతం పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి.

కొన్ని సందేహాలు

*దేవుడి బొమ్మను నాలుకతో తడపవచ్చా?* ఏ స్టాంపునూ నాలుకతో తడపకండి. అది శుభ్రం కాదు. తడి గుడ్డతో అద్దండి. లేకపోతే జిగురు రాయండి.

*దేవుడి బొమ్మ మీద పోస్టాఫీసులో నల్ల ముద్ర కొడతారేం?* వాడిన స్టాంపు మళ్ళీ వాడకుండా కొడతారు. గాంధీగారి బొమ్మ మీద కూడా కొడతారు. అది అవమానం కాదు.

*మా మతం కాని స్టాంపు అంటించాలా?* అయిదు రూపాయల స్టాంపు మీద ఏ బొమ్మ ఉన్నా అది అయిదు రూపాయలే. తపాలా సంచిలో హిందువుల ఉత్తరం, సాయిబుల ఉత్తరం, క్రైస్తవుల ఉత్తరం కలిసే వస్తాయి.

మన కొత్తపట్నంలో వల లాగేటప్పుడు పక్కవాడి మతం అడుగుతామా? మిరపకాయలు కోసేటప్పుడు అడుగుతామా? సంక్రాంతికి అరిసెలు, రంజానుకు సేమ్యా, క్రిస్మస్‌కు కేకు ఇళ్ళు మారుతూనే ఉంటాయి. మనం వాకిట్లో చేసే పనినే తపాలా బిళ్ళ దేశమంతా చేస్తుంది.

మాట్లాడుకోండి

1. మీ వీధిలో ఏయే పండుగలు చేస్తారు?
2. ఒకే మతం బొమ్మలు వేస్తే మిగతావాళ్ళకు ఎలా ఉంటుంది?
3. మన ఊరి మీద స్టాంపు వేస్తే ఏ బొమ్మ ఉండాలి? అందరూ ఒప్పుకునే బొమ్మ చెప్పండి.

చేయండి

వేరే మతం స్నేహితురాలి పండుగకు ఒక కార్డు రాయండి. మీ చేత్తోనే రాయండి. కింద మీ పేరు సంతకం పెట్టండి.