వరుసను విడదీసిన కెమెరా

మాట, పాట, నృత్యం మూడూ కలిసి కథను నడిపించే నాటకాన్ని పాశ్చాత్య రంగస్థలంలో మ్యూజికల్ అంటారు. 1975లో న్యూయార్క్‌లోని పబ్లిక్ థియేటర్‌లో మొదలై, అదే ఏడాది ఆ నగరపు ప్రధాన నాటకశాలల కూడలి అయిన బ్రాడ్‌వేకు చేరి, 1990 వరకు 6,137 ప్రదర్శనలు పూర్తిచేసుకున్న 'ఎ కోరస్ లైన్' ఆ కోవలో అత్యంత ఆదరణ పొందిన వాటిలో ఒకటి. 1976లో పులిట్జర్ బహుమతి కూడా అందుకున్న ఈ నాటకాన్ని, 'గాంధీ' చిత్రంతో తెలుగువారికి సుపరిచితుడైన రిచర్డ్ అటెన్‌బరో 1985లో సినిమాగా తీసినప్పుడు, రంగస్థలంపై దాన్ని ప్రేమించినవారిలో చాలామంది నిరాశతో వెనుదిరిగారు.

నాటకంలోని కథ చాలా చిన్నది. ప్రధాన నటుల వెనుక గుంపుగా ఆడేవారిని కోరస్ అంటారు. ఆ కోరస్‌లో ఎనిమిది స్థానాల కోసం పదిహేడు మంది పోటీపడతారు. ఖాళీ వేదికపై తెల్లగీత వెంట వరుసగా నిలబడి, తమ ఫొటోలను ముఖాలకు అడ్డంగా పట్టుకున్న ఈ మనుషులు ఒక్కొక్కరే తమ బాల్యాన్ని, ఇంటి కలతలను, నృత్యంపై మమకారాన్ని చెప్పుకొస్తారు. దర్శకుడు మైకేల్ బెనెట్ ఒకప్పుడు స్వయంగా కోరస్‌లో ఆడినవాడు కావడం, 1974లో నర్తకులను కూర్చోబెట్టి వారి జీవితాలను టేపుల్లో రికార్డు చేయించి ఆ మాటల్లోంచే నాటకాన్ని అల్లించడం వల్ల వారి పలుకుల్లో కల్పనకు అందని నిజం వినిపిస్తుంది. వారిని ఎంపికచేసే జాక్ ఎక్కువసేపు కనబడడు. ప్రేక్షకుల వెనుక చీకట్లోంచి అతని గొంతు మాత్రం వినబడుతుంది కనుక, హాలులో కూర్చున్నవారు తామూ ఆ తీర్పులో భాగస్వాములమన్న ఇబ్బందిని అనుభవిస్తారు. సినిమాలో ఆ పాత్ర ధరించిన మైకేల్ డగ్లస్ ముఖం పదేపదే తెరపైకి రావడంతో ఆ ఇబ్బంది కాస్తా తొలగిపోయింది.

దానికన్నా పెద్ద నష్టం క్యాసీ పాత్ర విషయంలో జరిగింది. సోలో నర్తకిగా ఎదిగి, కాలిఫోర్నియాలో అవకాశాలు లేక, మళ్లీ గుంపులో ఒకతెగా ఆడటానికైనా సిద్ధపడి వచ్చిన ఆమె, ఒకప్పుడు జాక్‌తో కలిసి బతికినదైనా, నాటకంలో మొదటి నుంచీ మిగతావారి పక్కనే నిలబడుతుంది. ఆ నిలబడటంలోనే ఆమె కథంతా ఉంది. సినిమా ఆమెను ఆలస్యంగా రప్పించి, వరుసకు దూరంగా తెరవెనుక నిలిపి, మాటిమాటికీ వారి గత ప్రేమ సన్నివేశాల్లోకి వెళ్లివస్తుంది. అందరి కథగా ఉన్నది ఇద్దరి కథగా కుదించుకుపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

ఈ మార్పు పాటలనూ వదలలేదు. అద్దాల ముందు క్యాసీ ఒంటరిగా ఆడే ప్రసిద్ధ నృత్యానికి వేరే పాట చేరింది. కౌమారపు తడబాట్లను అందరూ కలిసి పంచుకునే సుదీర్ఘ గీతం స్థానంలోకి మరో కొత్త పాట వచ్చింది. ఆ కొత్త పాట ఆస్కార్ నామినేషన్ పొందినా, కోల్పోయినదానికి అది సాటిరాదు.

అన్నిటికన్నా బాధాకరమైనది 'వాట్ ఐ డిడ్ ఫర్ లవ్' పాటకు పట్టిన గతి. నాటకంలో పాల్ అనే నర్తకుడు మోకాలు దెబ్బతిని ఆసుపత్రికి వెళ్లాక, ఇక ఆడలేని రోజు వస్తే ఏమిటన్న ప్రశ్న అందరినీ కమ్ముకుంటుంది. అప్పుడు డయానా అనే నర్తకి పాట అందుకోగా మిగతావారు గొంతు కలుపుతారు. శరీరం సహకరించినంతకాలం మాత్రమే సాగే వృత్తికి జీవితాన్ని ధారపోసినవారు, ఆ సమర్పణకు చింతించబోమని చెప్పుకునే ఘట్టమది. సినిమాలో అదే పాటను క్యాసీ పాడటంతో, అది విడిపోయిన ప్రియుడిని తలచుకునే విరహగీతంగా మారిపోయింది. పాల్ గాయం తెరపైనా ఉన్నా, ఆ గాయం లేవనెత్తిన ప్రశ్నకు జవాబు చెప్పేవారు మాత్రం అక్కడ ఎవరూ మిగలలేదు.