లాన్‌కి బట్టతల, గరికతో వైద్యం

కర్మన్‌ఘాట్‌లో మా అపార్ట్‌మెంట్ ముందు చిన్న లాన్ ఉంది. పిల్లల క్రికెట్‌కీ, పెద్దల బైకులకీ దానికి అక్కడక్కడా బట్టతల వచ్చేసింది. అసోసియేషన్ మీటింగ్‌లో "టైల్స్ వేసేద్దాం" అన్నారు. నాకు నచ్చలేదు. 2020 అక్టోబర్ వానలకి సరూర్‌నగర్ చెరువు పక్క కాలనీలు మునగడం చూసిన ఏరియా మాది. నీళ్లు ఇంకే కాస్త మట్టినీ మనమే మూసేస్తే ఎలా? అలాగని నర్సరీలో గడ్డి కార్పెట్ కొనేంత ఫండ్ లేదు. వానాకాలం అయ్యేదాకా గడువు అడిగాను.

ముందు గడ్డి ఎందుకు పోయిందో తేల్చుకోవాలి. తడి మట్టిలో స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. సులువుగా దిగకపోతే మట్టి బిగిసిపోయిందని అర్థం, వేర్లకి గాలీ నీరూ అందవు. మా దగ్గర రోగం ఇదే. గడ్డపారతో తవ్వితే కంకర, సిమెంట్ పెచ్చులు కూడా బయటపడ్డాయి. నీడ వల్ల పోయిన చోటైతే గరిక ఆశ వదులుకోండి, దానికి ఎండ కావాలి. గోడ వారన ఉన్న ప్యాచ్‌ని మేం పూలకుండీలకి ఇచ్చేశాం.

మాది మామూలు గరికే, చవితికి వినాయకుడికి పెట్టేది. పొలంలో మాత్రం రైతుకి శత్రువు, ఎంత పీకినా మళ్లీ లేస్తుంది. ఆ మొండితనమే మన పెట్టుబడి. నేల మీద పాకే గరిక తీగ ప్రతి కణుపు దగ్గరా వేరు దించగలదు, కాబట్టి విత్తనం కొననక్కర్లేదు. ఒత్తుగా ఉన్న అంచుల నుంచి తీగలు లాగి, రెండు మూడు కణుపులు ఉండేలా ముక్కలు చేయాలి. నాలుగంగుళాల లోతు గుల్ల చేసి, రాళ్లు ఏరి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టిలో ఆరంగుళాలకొకటి నాటాలి. ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన. నాటాక అరికాలితో నొక్కాలి, లేకపోతే వేరుకి మట్టి అందదు. మీ లాన్ మెక్సికన్ గడ్డిదైతే ముక్కలు దాన్నుంచే తీయండి. గరిక కలిపితే అతుకు వేసిన ప్యాంటులా కనిపిస్తుంది.

మాకు అయిన ఖర్చు ఒక బస్తా ఎరువు, అంతే. జూలై ముసురులో నాటాం. వాన లేని రోజుల్లో మొదటి పది రోజులు పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించాం. నెలన్నరకి ఖాళీలు చాలావరకు కలిసిపోయాయి.

బైకులకి దారి చూపించకపోతే ఇదంతా మళ్లీ మొదటికే వస్తుంది. గేటు నుంచి పార్కింగ్ దాకా పాత షాబాద్ బండలు మధ్యలో సందులు వదిలి పరిచాం. ఆ సందుల్లోకి కూడా గరిక పాకుతోంది.