చూచు వేడుక, చొచ్చు వేడుక



చిత్తూరు సీమలో ద్రౌపదమ్మ గుడులయొద్ద 18 దినములు భారతము జరుగుట మీలో పలువు రెఱుగుదురు. పగలు హరికథ, రాత్రి నాటకము. అర్జునుని తపస్సునాడు వేషధారి మిక్కిలి పొడవైన మ్రాను నెక్కి పాడుచుండగా, సంతానము గోరు స్త్రీలు క్రింద సాగిలపడి యుందురు. తుదినాడు నేలపై మట్టితో మలచిన దుర్యోధనుని తొడను భీముడు గదతో మోదును. అక్కడ చూచువా రెవరో, ఆడువా రెవరో విడదీయుట కష్టము. ఊరంతయు కథలోనే యుండును.

ఇట్లు మనుజుని వేడుకలోనికి చొప్పించుట నేడు లోకమున గొప్ప వ్యాపారమైనది. వెనుకటి వస్తువులను అద్దాల బీరువాలో నుంచి చూపుటతో తనివి దీఱక, వచ్చినవానిని పాతకాలపు టింటిలో కూర్చుండబెట్టి, కుమ్మరి సారె త్రిప్పించి, ఆ కాలపు వంట తినిపించి రుసుము గొందురు. కొన్నిచోట్ల చిత్రకారుల పటములనే దీపయంత్రములతో గోడలపైనను నేలపైనను పఱచి, జనులను నడుమ నడిపింతురు. అది కనులపండుగ, దానివలన నొచ్చుకొనువారు లేరు గనుక దానిని విడిచెదను. మనుష్యుల బ్రతుకును చూపు వ్యాపారమును గూర్చియే నా మాట.

దీనికి దారి వేసినది స్వీడన్ దేశము. కర్మాగారములు లేచి పల్లెలు మాఱిపోవుచున్న కాలమున, ఆర్టుర్ హజేలియస్ అను పండితుడు పల్లెయిండ్లను విప్పించి తెచ్చి స్టాక్‌హోమ్ నగరమున మరల నిలిపించెను. 1891లో తెఱచిన ఆ స్థలమునకు స్కాన్సెన్ అని పేరు. ఇండ్లలో ఆయా సీమల కట్టుబొట్లతో మనుష్యుల నుంచెను. అంతవఱకు మేలే. కాని ఉత్తరదేశపు సామీ కుటుంబములను గూడ గుడారములతో, పశువులతో అక్కడ కాపురముంచి జనులకు చూపిరి. ఇంటిని చూపుట వేఱు, ఇంటివానిని చూపుట వేఱు.

అమెరికాలో వర్జీనియాకు పూర్వము రాజధానియైన విలియమ్స్‌బర్గ్ కథ యింకను ఆలోచింపదగినది. 1926 మొదలుకొని గుడ్విన్ అను మతగురువు పూనికతోను, రాక్‌ఫెల్లర్ ధనముతోను ఆ పట్టణమును 18వ శతాబ్దిలో నున్నట్లు మరల కట్టిరి. కమ్మరులు, అచ్చుపనివారు, టోపీలు పెట్టిన దొరసానులు, గుఱ్ఱపుబండ్లు, అన్నియు ఉన్నవి. లేని దొక్కటే. ఆ కాలమున పట్టణ జనములో సగముకంటె నెక్కువమంది నల్లవారు. వారిలో అత్యధికులు బానిసలు. వారి కథను చాలకాలము తగినట్లు చూపలేదు. 1979 నుండి నల్లజాతి నటులు ఆ కథను చెప్పసాగిరి. 1994 అక్టోబరు 10వ తేదీన అక్కడివారు నడివీధిలో బానిసల వేలమును ఆడి చూపిరి. మనుష్యులను అరుగుపై నిలిపి పాట పాడుట! మా పెద్దల దుఃఖమును వినోదము చేయుదురా యని నల్లజాతి సంఘములవారే ఎదిరించిరి. ఆ ఆటను నడిపినదియు నల్లజాతి వనితయే. తానును అందులో అమ్ముడుపోవు స్త్రీ వేషము ధరించెను. ఎదిరింప వచ్చినవారిలో నొకరు, కన్నులార చూచిన పిదప, తన అభిప్రాయమును మార్చుకొనెను. నా మట్టుకు ఆ వేలము చూపుటయే న్యాయమని తోచును. ఏబది యేండ్లు టోపీలను మాత్రము చూపుటయే పెద్ద తప్పు.

చూపదగినదానిని దాచరాదు, చూపరానిదానిని అమ్మరాదు. జపాన్ దేశమున క్యోటో నగరములోని గియోన్ పేటలో నాట్యకత్తెలు పనికి పోవుచుండగా యాత్రికులు వెంటబడి ఫోటోలు తీయుచు బాధింపసాగిరి. 2024లో ఆ పేటవారు తమ సొంత సందులలోనికి రాకూడదనియు, వచ్చినచో 10,000 యెన్ల జరిమానా యనియు పలకలు కట్టిరి. హద్దు గీచినది ప్రభువులు గారు, పేటవారే. తపస్సుమ్రాని క్రింద సాగిలపడిన స్త్రీకి గూడ అట్టి హద్దు గీయువారు ఊర నుండవలెను.

ఇది మనకు దూరపు మాట కాదు. చెన్నపట్టణమునకు చేరువ ముట్టుకాడులో 1996లో తెఱచిన దక్షిణచిత్రలో నల్లగొండ సీమ నేతగాని యిల్లొకటి గలదు. ఇక పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా నెన్నుకొనెను. అచ్చటికి వచ్చువారు మగ్గము చూతురు, రంగులద్దకము చూతురు. నేతకు ముందు జరుగు ఆసుపోతను ఎందఱు చూతురు? ఒక చీరకు నూలును మేకులచుట్టు వేలసార్లు చేతితో త్రిప్పవలెను. ఆ పని యింటి ఆడువారిది, భుజపునొప్పియు వారిదే. తల్లి లక్ష్మమ్మ బాధ చూడలేక చింతకింది మల్లేశముగారు ఆసుయంత్రమును కనిపెట్టి, 2017లో పద్మశ్రీ పొందిరి. ఆ కథ చెప్పక మగ్గమును మాత్రమే చూపువాడు సగము చీరనే చూపినట్లు.

రేపు మీ యూరికిని ఎవరో వచ్చి, మీ లోగిళ్ళు బాగున్నవి, మీ జాతర బాగున్నది, పదిమందికి చూపెదమందురు. వెంటనే కాదనవలదు, అవుననవలదు. టిక్కెట్టు రూపాయిలో ఆడినవానికెంత, ఇంటివానికెంత, ఊరి చెఱువున కెంతయో కాగితముపై వ్రాయింపుడు. ఏ గదికి, ఏ పూజకు, ఏ దినమున తలుపు మూయుదురో అదియు వ్రాయింపుడు. ఆ కాగితమును ఆడువారికిని చదివి వినిపించి, పిదప సంతకము చేయుడు.